సాయిలును పిలువుండ్రి

మాదాపూర్‌లో ఎవరి బావిలోనైనా బొక్కెన పడితే సాయిలు గుర్తుకొచ్చేవాడు. మనిషి పడితే ఇంకా తొందరగా గుర్తుకొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ మనిషి ఒకడున్నాడన్న సంగతే ఊళ్ళో ఎవరికీ పట్టేది కాదు.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. గుట్ట మీద రాళ్ళు కొట్టుకుని బతికేవాడు. చిన్నప్పుడే బావుల్లో మునగడం అలవాటైంది. ఒక్క ఊపిరితో అడుగుదాకా పోయి, చీకట్లో చేతులతో తడిమి, పడ్డ వస్తువు పట్టుకుని పైకి వచ్చేవాడు. ఇనుప కొక్కేల గాలానికి అందని బొక్కెన కూడా సాయిలు చేతికి అందేది. ముప్పై ఏళ్ళలో ఎన్ని బొక్కెనలు, ఎన్ని ఇత్తడి బిందెలు, ఎన్ని మేకపిల్లలు తీశాడో అతనికే తెలియదు. మనుషుల లెక్క మాత్రం తెలుసు. పదకొండు మంది. ఒక్కరిలోనూ ప్రాణం లేదు.

అతని తప్పేమీ లేదు. బావి దగ్గర కేక వేసి, ఒకరు గుట్టకు పరుగెత్తి, సాయిలు సుత్తి పారేసి అక్కడినుంచి ఉరికి వచ్చేసరికి కావలసిందంతా అయిపోయి ఉండేది. అయినా శవాన్ని ఒడ్డుకు చేర్చిన రోజున ఎవరూ అతన్ని అరుగు మీద కూర్చోమనేవారు కాదు. కల్లు ముంత దూరంగా పెట్టి వెళ్ళిపోయేవారు. అతని భార్య కూడా ఒకనాడు, "ఆ చేతులు నా మీద వెయ్యకు" అని, మూట కట్టుకుని పటాన్‌చెరులో అన్న ఇంటికి పోయింది. తొమ్మిదేళ్ళయింది. మనిషి రాలేదు, కబురూ రాలేదు.

ఊరి మొదట్లో చాయ్ కొట్టు పెట్టిన రాజయ్య ఒకసారి నలుగురి ముందు అన్నాడు.

"అందర్నీ నువ్వు తీస్తివి. రేపు నువ్వే పడితే ఎవడు తీస్తడుర సాయిలు?"

అందరూ నవ్వారు. సాయిలు కూడా నవ్వాడు. ఇంటికి వచ్చాక ఆ నవ్వు పోయింది గానీ ఆ మాట పోలేదు.

డెబ్బయి ఆరులో, మాఘమాసం రాబోతుందనగా, గుట్ట కిందికి ఒక స్కూటరు వచ్చి ఆగింది. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకుంటూ ఒకాయన పైకి ఎక్కివచ్చాడు. లింగంపల్లి దగ్గర కొత్తగా వెలిసిన ఫ్యాక్టరీలో ఆఫీసరట. పేరు పట్టాభిరామయ్య. గుంటూరు వైపు మనిషి.

"ఏమయ్యా, బావుల సాయిలంటే నువ్వేనా?"

సాయిలు సుత్తి కింద పెట్టి లేచాడు. "ఎవరు పడ్డరు సార్?"

"శుభమా అని వస్తే ఏం మాటయ్యా అది. ఎవరూ పడలేదు." పట్టాభిరామయ్య రాతి మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. "మా కాలనీ క్లబ్బు వాళ్ళం ముప్పై మందిమి బాపట్ల పోతున్నాం. సముద్రస్నానం, ఈతలు, ఆటలు. పోయినేడు ఒకాయన మునగబోయి బయటపడ్డాడు. ఈసారి ఈతగాడు వెంట లేనిదే బస్సు కదలనివ్వనన్నాడు మేనేజరు. ఎవరూ పడకుండా చూడ్డానికి నువ్వు రావాలి."

పడకుండా చూడడం. ముప్పై ఏళ్ళలో సాయిలును ఆ పనికి పిలిచినవాడు లేడు.

"ఇంకో సంగతి. కాలనీలో స్విమ్మింగ్ పూలు తవ్విస్తున్నారు. ఎండాకాలానికి తయారవుద్ది. అందులో జనానికి ఈత నేర్పే మనిషి కావాలి. ఈ ట్రిప్పులో నీ పని బావుంటే నీ పేరే రాస్తాను. నెల జీతం."

"నేర్పుడా సార్? బతికున్నోళ్ళకేనా?"

"చచ్చినవాళ్ళకి ఈత దేనికయ్యా?" అని పట్టాభిరామయ్య విరగబడి నవ్వాడు.

సాయిలుకు నవ్వు రాలేదు. స్కూటరు కనుమరుగయ్యేదాకా నిలబడి, తర్వాత తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. రాళ్ళు కొట్టి కాయలు కాసిన చేతులే. జీతం అటుంచి, ఆ చేతుల్ని పట్టుకుని జనం నీళ్ళలోకి దిగుతారు. మెల్లగా ఈదుతారు. నవ్వుకుంటూ ఒడ్డుకు వచ్చి, రేపు మళ్ళీ వస్తామంటారు.

బయల్దేరే ముందు వారం రోజులు అతను తయారైన తీరుగా పెళ్ళికి కూడా తయారై ఉండడు. నలభై గజాల కొత్త మోకు సంపాదించాడు. ఎండిన సొరకాయ బుర్రలు ఎనిమిది పోగుచేసి, నీళ్ళు దూరకుండా తొడిమల దగ్గర మైనం పెట్టాడు. ఊళ్ళో ఈత నేర్చుకునే వాళ్ళ నడుముకు కట్టేవి అవే. రోజూ సాయంత్రం ఇటుక ముక్కతో చేతులు ఎర్రబడేదాకా తోముకున్నాడు. మోకు భుజాన వేసుకుని పోతుంటే రాజయ్య కొట్టులోంచి కేకేశాడు.

"ఎటురో? సముద్రంల బొక్కెన పడ్డదా ఏంది?"

"పడకుండ చూస్తందుకు పోతున్న."

"మంచిదే. నిన్ను జూస్తే పడేటోడు గుడ ఆగుతడు తియ్యి."

బస్సులో అతనికి చివరి సీటు దొరికింది. పక్కన వంట గిన్నెలు. ముందు సీట్లలో పేకాట, పాటలు, వేరుశనగకాయల తొక్కలు. యజ్ఞనారాయణ అని స్టోర్సు గుమాస్తా, బొద్దుగా బానలాంటి పొట్టతో ఉండేవాడు, బస్సంతటికీ అతనే వినోదం. ఒకసారి వెనక్కి వచ్చి సొరకాయ బుర్రల్ని వేలితో తట్టి చూశాడు.

"ఇవి ఎవరికయ్యా, నాకే? నేను కృష్ణకాలవలో ఈది పెరిగినవాణ్ణి. నాకు కాపలా ఏంటి? నా పొట్టే నాకు బుర్ర."

"ఉండనీ సార్. కట్టుకుంటే ఏం పోదు."

"మోకు కూడా తెచ్చావు. మమ్మల్ని గేదెల్లాగా కట్టేస్తావా ఏంటి?"

ముందునుంచి నవ్వులు వినిపించాయి. సాయిలు మోకును కాళ్ళ కిందికి జరుపుకున్నాడు. బెజవాడ దాటేదాకా అతనితో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం దారంతా గలగలలాడాయి.

బాపట్ల సత్రంలో సామాన్లు దించి, ఇంకా పొద్దుండగానే సాయిలు ఒక్కడే సూర్యలంక ఒడ్డుకు పోయాడు. రేపు కాపలా కాయవలసిన నీళ్ళను ఈరోజే చూసుకోవాలని. సరుగుడు చెట్లు దాటి ఇసకలోకి వచ్చి ఆగిపోయాడు.

బావికి చుట్టూ గోడ ఉంటుంది. ఎంత లోతు బావైనా, ఏ పక్కకు ఈదినా నాలుగు బారల్లో రాయి చేతికి తగులుతుంది. నీళ్ళంటే సాయిలుకు తెలిసింది అదే. ఇక్కడ ఒక్క ఒడ్డే ఉంది. మిగిలిన మూడు పక్కలా ఏమీ లేదు. అంత నీటి ముందు నిలబడితే, మాదాపూర్‌లో తన గుడిసె ముందు నిలబడినట్టే అనిపించింది. పలకరించేవాడు లేడు.

ఒక ముసలి పల్లెకారు తెప్ప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అతని పేరు రామన్న.

"ఏ ఊరయ్యా మీది?"

"హైద్రాబాద్ పక్కన. రేపు మా సార్లు ఈతకొస్తున్నరు. నేను కాపలా."

రామన్న వల వదిలి అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "ఎప్పుడన్నా సముద్రం చూశావా?"

"నీళ్ళు జూసిన."

"అదీ ఇదీ ఒకటి కాదులే. ఇను. అలలు ఇరిగేకాడ బయం లేదు. అలల్లేకుండా నున్నగా కనపడతది చూడు, ఆడ లోపలికి లాగుద్ది. లాగితే ఎదురీదమాక, ఒడ్డుకి రాలేవు. పక్కకి పోవాల. చాతకాకపోతే ఎల్లకిల్లా తేలి చెయ్యెత్తాల. మేం చూసుకుంటాం. ఇక్కడ పడ్డోడు ఇక్కడ ఉండడయ్యా."

సాయిలు తల ఊపాడు గానీ చెవిన పెట్టలేదు. ముప్పై ఏళ్ళ ఈతగాడికి ఈత చెబుతున్నాడీ ముసలాడు అని లోపల చురుక్కుమంది. నీళ్ళు నీళ్ళే. నిలకడగా ఉన్న నీళ్ళు మంచివి, ఎగిరిపడే నీళ్ళు చెడ్డవి. ఆ మాత్రం తనకు తెలియదా?

మర్నాడు పొద్దున ఏడుకల్లా అందరూ నీళ్ళ దగ్గర ఉన్నారు. సాయిలు అప్పటికే రెండు సరుగుడు గుంజలు పాతి, మోకు కట్టి, దానికి సొరకాయ బుర్రలు వేలాడదీశాడు. నడుము లోతు దాకానే హద్దు.

"తాడు దాటొద్దు సార్. ఒక్కరే పోవద్దు. తిన్నంక నీళ్ళల్లకు దిగొద్దు. ఊపిరాడకుంటే చెయ్యెత్తుండ్రి, నేనొస్త." అంతమంది ముందు అంత మాట్లాడడం అతనికి అదే మొదటిసారి.

ఆ పూట నిజంగా బాగా గడిచింది. లారీ ట్యూబుల మీద ఎక్కి అలలతో పాటు ఒడ్డుకు జారారు. మోకాలి లోతు నీళ్ళలో రెండు జట్లై తాడులాగుడు ఆడి, రెండు జట్లూ ఒకేసారి బోర్లా పడ్డాయి. బంతి ఎటు పోయినా సాయిలు ఈదుకెళ్ళి తెచ్చాడు. ఎవరు ఎక్కడున్నారో గడియ గడియకూ తలలు చూసుకున్నాడు. దాదాపు ముప్పై తలలు, అన్నీ నీళ్ళపైనే, అన్నీ నవ్వుతూ. నీళ్ళలో మనుషులు ఇట్లా కూడా ఉంటారా అని అతనికి విడ్డూరంగా తోచింది.

పట్టాభిరామయ్య భార్య రత్నమాల మాత్రం చీర కుచ్చెళ్ళు పట్టుకుని తడి ఇసక దగ్గరే నిలబడిపోయింది.

"నాకు భయమయ్యా సాయిలూ."

"అల రాంగనే నిలవడొద్దమ్మ. దాంతోనే జర ఎగురాలె. ఇగో, ఇది పట్టుకోండ్రి." అని కర్ర ఒక కొస చాచాడు.

"కర్ర ఏంటి, నేనేమన్నా మేకనా? చెయ్యి ఇవ్వు."

సాయిలు గుడ్డకు తుడుచుకుని చెయ్యి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. మొదటి అలకు అరిచింది, రెండో అలకు ఎగిరింది, మూడో అలకు పకపకా నవ్వింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత అతని చేతిలోకి వచ్చిన వెచ్చని చెయ్యి అది. అల అలకూ అది గట్టిగా పట్టుకునేది, వదిలేది, మళ్ళీ పట్టుకునేది. బావుల్లో అతనికి దొరికిన చేతులేవీ ఎదురు పట్టుకోలేదు.

పట్టాభిరామయ్య ఒడ్డు నుంచి చూసి తల పంకించాడు. "మా ఆవిడనే నీళ్ళలోకి దింపావంటే ఇంకేం కావాలయ్యా. నీ పేరు రాసేసినట్టే అనుకో."

పన్నెండు గంటలకు సరుగుడు చెట్ల కింద భోజనాలయ్యాయి. పులిహోర, పెరుగన్నం. యజ్ఞనారాయణ మూడుసార్లు వడ్డించుకుని, త్రేన్చి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"సార్, తిన్నంక వద్దన్న గద."

"ఈదనయ్యా. ఊరికే పడుకుంటాను నీళ్ళలో. అటు చూడు, ఆ పక్కన అలలే లేవు. ఎంత ప్రశాంతంగా ఉందో."

సాయిలు అటు చూశాడు. గుంజలకు పక్కగా ఒక పాయ మేర నీరు నున్నగా, కదలకుండా ఉంది. అచ్చం బావి నీళ్ళలాగే. ముసలాడి మాట ఒక్కసారి తలలో మెదిలింది గానీ, కళ్ళ ముందు ఉన్న నిలకడ నీటిని చూసి ఆ మాటను పక్కకు తోసేశాడు.

"సరే సార్, గక్కడైతే మంచిదే. నడుముల దాక పోండ్రి."

యజ్ఞనారాయణ నడుము దాకానే పోయాడు. తర్వాత ఏమైందో ఎవరికీ సరిగా తెలియలేదు. వెల్లకిలా పడుకున్నవాడు పడుకున్నట్టే లోపలికి పోతున్నాడు. గమనించి లేవబోతే కాలికి ఇసక అందలేదు. ఒడ్డువైపు ఈదసాగాడు. ఎంత ఈదినా తల చిన్నదవుతోంది. ఒక చెయ్యి లేచింది. ఇవతల ఒక అల లేచి విరిగింది. అది పడిపోయాక చూస్తే తల లేదు.

ఆడవాళ్ళు కేకలు పెట్టారు. సాయిలు కేక వెయ్యలేదు. అతని కన్ను ఒక్క చోటనే నిలిచిపోయింది. మునిగిన చోటు గుర్తుపెట్టుకోవడం అతని పనిలో మొదటి మెట్టు. ఎడమవైపు గుంజకు సూటిగా, దూరాన కట్టేసిన పడవ కొయ్యకు కాస్త కుడిగా. ఆ గీత మీద చూపు పెట్టి పరుగెత్తాడు, దూకాడు, ఈదాడు. ఆ చోటికి చేరగానే ఊపిరి నింపుకుని మునిగాడు.

అడుగున ఇసక. నీళ్ళు బురదగా ఉన్నాయి. చేతులు బార్లా చాచి, అరచేతులతో నేలను ఊడుస్తూ తడిమాడు. ముందు జుట్టు తగులుతుంది. ఎప్పుడూ అంతే. జుట్టు తగల్లేదు. పైకి వచ్చి ఊపిరి పీల్చి, కళ్ళలో ఉప్పు మంటను కూడా తుడుచుకోకుండా మళ్ళీ మునిగాడు. మళ్ళీ. మళ్ళీ. బావిలో పడ్డది ఎక్కడికీ పోదు, పడ్డచోటే ఉంటుంది, ఓపిక ఒక్కటే కావాలి. పన్నెండోవాడు అనుకున్నాడు. పన్నెండోవాడు, అందులోనూ నా కళ్ళ ముందర, నేను పొమ్మంటే పోయినవాడు. ఆ చెయ్యి ఇప్పుడు ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. ఎనిమిదోసారి మునిగాడు. తొమ్మిదోసారి. ఛాతీలో నిప్పు రాజుకుంది. ఇంక ఒక్కసారి, అనుకుంటూ తల నీళ్ళలో పెట్టేలోగా ఎవరో అతని జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగారు.

రామన్న తెప్ప మీదినుంచి వంగి ఉన్నాడు.

"ఎవరికోసం ఎతుకుతున్నావయ్యా?"

తెప్ప నడిమధ్యన యజ్ఞనారాయణ కూర్చుని ఉన్నాడు. భుజాల మీద రామన్న గోనెపట్టా. వణుకుతున్నాడు, దగ్గుతున్నాడు, ముక్కు తుడుచుకుంటున్నాడు. అలకు అవతల తేలి, చెయ్యెత్తి పట్టుకుని, లాగుడు ఎటు తీసుకుపోతే అటు పోయాడట. ఎంతో దూరాన పక్కగా తేలితే రామన్న ఎక్కించుకున్నాడట.

"ఎంత కేకేసినా పైకి చూడవేం?" అన్నాడు రామన్న. "ఒడ్డున అంతమంది పిలుస్తున్నారు. నువ్వు అడుగు తప్ప ఏం చూడవా?"

సాయిలు తెప్పను పట్టుకుని వేలాడుతూ, ఒక చెయ్యి చాచి యజ్ఞనారాయణ పాదాన్ని ముట్టుకున్నాడు. వదిలి, మళ్ళీ ముట్టుకున్నాడు.

"శవం కాదయ్యా, నేనే," అన్నాడు యజ్ఞనారాయణ.

ఒడ్డుకు చేరాక ముందు ఏడుపులు, తర్వాత తిట్లు, టీ తాగాక నవ్వులు. సాయంత్రానికి యజ్ఞనారాయణ తేరుకుని కథ చెప్పడం మొదలుపెట్టాడు. సత్రం వసారాలో కుర్చీ వెనక మునిగి లేస్తూ అభినయించి చూపించాడు.

"నేను తెప్ప మీద మహారాజులాగా కూర్చుని చూస్తున్నానండి. ఈయన అక్కడ నా శవం కోసం బుడుంగు, బుడుంగు. నేను బతికున్నానంటే ఒప్పుకునేట్టు లేడు. పదిహేను నిమిషాలు వెతికాడు. ఊళ్ళో ఇదే వృత్తిట, పదకొండు శవాలు తీశాట్ట."

ఈ లెక్క సాయిలే పొద్దున ఎవరో అడిగితే చెప్పాడు. గొప్పకు చెప్పలేదు, అడిగితే చెప్పాడు. రత్నమాల ఒక్కతే నవ్వలేదు. కానీ ఆమె చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది.

పట్టాభిరామయ్య అతన్ని పక్కకు పిలిచాడు. "నిన్ను తప్పుపట్టడం లేదయ్యా. దూకావు, కష్టపడ్డావు. కానీ మునిగాడనగానే చచ్చాడనే ఎందుకనుకున్నావు?"



మర్నాడు బస్సు పది గంటలకు. తెల్లవారగానే సాయిలు మళ్ళీ ఒడ్డుకు పోయాడు. రామన్న తెప్పను నీళ్ళలోకి తోస్తూ కనిపించాడు.

"ఆయన్ని ఎట్ల దొరకబట్టినవ్ పెద్దమనిషీ?"

"నేనేడ పట్టానయ్యా. ఆయనే తేలాడు. నాకు కనపడ్డాడు." రామన్న తెప్పను వదిలి అడిగాడు. "నీకు తేలడం వచ్చా?"

"ముప్పై ఏండ్ల సంది మునుగుడే. తేలే పని ఎన్నడు పడలె."

"రా ఇట్టా."

నడుము లోతు నీళ్ళలో రామన్న అతని మెడ కింద ఒక చెయ్యి పెట్టాడు. "పడుకో. కాళ్ళు వదిలెయ్యి. మెడ బిగబట్టమాక. అంత బిగుసుకుంటే ఎట్టా, నిన్నేమన్నా ఉరితీస్తున్నామా." సాయిలు రెండుసార్లు మునిగి ఉప్పునీళ్ళు తాగాడు. మూడోసారి రామన్న చెయ్యి తీసేసిన సంగతి అతనికి తెలియలేదు. చెవుల్లోకి నీళ్ళు వచ్చి లోకం మూగపోయింది. కళ్ళ ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. అడుగున ఏముందో వెతకాల్సిన పని లేదు. ఎప్పుడు ఏడుపొచ్చిందో అతనికే తెలియదు. ఎట్లాగూ అంతా ఉప్పునీళ్ళే.

ఎండలు ముదిరాక ఒకరోజు పని మానుకుని లింగంపల్లి దాకా నడిచాడు. కాలనీలో స్విమ్మింగ్ పూలు తయారైంది. నీలం రంగు వేసిన గచ్చు, నాలుగు పక్కలా గోడ, అడుగు అద్దంలా కనిపిస్తోంది. ఇంత సుఖమైన నీళ్ళను అతనెప్పుడూ చూడలేదు. ఈల మెడలో వేసుకున్న ఒక కుర్ర మాస్టరు గట్టు మీద నిలబడి చేతులు ఎట్లా ఆడించాలో చూపిస్తున్నాడు. సికింద్రాబాద్ నుంచి తెచ్చారట.

పట్టాభిరామయ్య కంచె దాకా వచ్చాడు. మంచి మనిషే, మొహం చాటెయ్యలేదు.

"నేను నీ పేరు రాశానయ్యా. ఒట్టు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. యజ్ఞనారాయణ వాగుడు నీకు తెలుసు కదా, ఇంటింటికీ ఆ కథ చెప్పాడు. శవాలు తీసే చేతులతో మా వాళ్ళకి ఈతేమిటని..." అని మిగతాది మింగాడు. "నీకిప్పుడు తేలడం కూడా వచ్చిందట. రత్నమాల చెప్పింది, బస్సులో నువ్వు చెప్పావని. అడిగానని చెప్పమంది."

"ఆమె దిగుతదా సార్ నీళ్ళల్లకు?"

"రోజూ దిగుతోంది."

"మంచిది," అని సాయిలు తిరిగి నడిచాడు. ఎండకు దారి అంతా కొలిమిలా ఉంది. ఊరి మొదట్లో రాజయ్య ఏదో అన్నాడు. వినిపించుకోలేదు.

రాజయ్య కొట్టుకు కాస్త అవతల మోటబావి ఒకటుంది. మోట కొట్టడం మానేసి రెండేళ్ళయింది, ఇప్పుడు చేదుకునే ఆడవాళ్ళు తప్ప అటు ఎవరూ పోరు. సాయిలు గోడలోని రాతిమెట్ల మీదుగా దిగి, నీళ్ళలో మెల్లగా ఒరిగాడు. దూకలేదు. రామన్న చెప్పినట్టే మెడ వదిలేశాడు, కాళ్ళు వదిలేశాడు. చెవులు నీళ్ళలోకి పోయాయి. పైన బావి నోరు మేర గుండ్రంగా ఆకాశం ఉంది. సముద్రం మీద ఉన్నదే, అందులో ఒక ముక్క. కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపయిందో. నీళ్ళు చేదుకోవడానికి సీతాబాయి అని పక్కవాడ మనిషి వచ్చి, లోపలికి తొంగిచూసి, బిందె జారవిడిచి కెవ్వున అరిచింది.

"బావిల పీనుగు. ఎవరో పడ్డరు. ఓ రాజయ్యన్నా, ఉరుకుండ్రి."

ఆ కేక నీళ్ళలో ఉన్న చెవులకు ఎక్కడో దూరాన అన్నట్టు చేరింది. సాయిలు కదలలేదు. కళ్ళు సన్నగా తెరిచి చూస్తే బావి అంచు చుట్టూ తలలు మొలుస్తున్నాయి. పైన వెలుగు, కింద నీడ. అతనికి వాళ్ళు కనిపిస్తున్నారు, వాళ్ళకు అతని మొహం ఆనడం లేదు.

"ఎవరే?"

"ఎరుక లేదు. మొగోడే."

"ఆగుండ్రి, ఎవ్వరు దిగొద్దు. సాయిలును పిలువుండ్రి."

అది రాజయ్య గొంతు.

"గుట్ట మీద ఉన్నడేమో, ఎవరన్న ఉరుకుండ్రి."

"గుట్ట మీద లేడు, జరసేపటి కింద నా కొట్టు ముందటికెళ్ళి పోయిండు. ఇంటికాడ జూడుండ్రి."

"ఇంటికి గొళ్ళెం ఉన్నది. ఓ సాయిలూ..."

"సాయిలూ..."

ఒకరు గుట్టవైపు తిరిగి పిలిచారు. ఇంకొకరు వాడవైపు తిరిగి పిలిచారు. ఆడవాళ్ళు పిలిచారు. ఊరు ఊరంతా అతని పేరే పిలుస్తోంది. పీనుగును తియ్యడానికి వేరే మనిషి లేడు. సాయిలు నీళ్ళ మీద అట్లాగే పడుకుని, చెవులు మాత్రం నీళ్ళ పైకి తేల్చి, తన పేరు వింటూ ఉండిపోయాడు. అంతమంది ఒకేసారి పిలవగా అతనెప్పుడూ వినలేదు. ఇంకొక్కసారి పిలవనీ అనుకున్నాడు. ఇంకొక్కసారి.

"ఏడ సచ్చిండు వీడు, అవసరానికి?" అన్నాడు రాజయ్య.

"ఈడనే ఉన్న," అన్నాడు సాయిలు.

పైన తలలన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

"నీ తల పండ. పాణం పోయినంత పనైంది గదర. ఏం పనిర అది?"

"తేలుతున్న."

"తేలుడేంది?"

మనిషికి పిచ్చిలేసిందని గొణుక్కుంటూ రాజయ్య పోయాడు. మిగతావాళ్ళు కూడా నవ్వేవాళ్ళు నవ్వుతూ, తిట్టేవాళ్ళు తిడుతూ పోయారు. బావి అంచు మీద సీతాబాయి తల ఒక్కటి మిగిలింది.

"సాయిలన్నా, ఎట్లైన నీళ్ళల్లనే ఉంటివి. మొన్న మా బొక్కెన పడ్డది. ఇగ ఇప్పుడు నీ వల్లనే బిందె గుడ పాయె. జర తియ్యరాదు?"

"ఏ పక్కకు పడ్డదమ్మ?"

"గిక్కడనే, నా కిందికే."

సాయిలు ఇంకొంచెంసేపు ఆకాశాన్ని చూశాడు. తర్వాత బోర్లా తిరిగి, ఊపిరి నింపుకుని, ఆమె చూపించిన చోట మునిగాడు.